చెయ్యెత్తితేనే వెళ్తుంది

11 మార్చి 2024, సోమవారం

ఈ డైరీ మెడికల్ రెప్ ఇచ్చాడు. పేజీకో మందు బొమ్మ. ఇందులో ఎవరు రాస్తారులే అని బీరువాలో పడేశాను. ఇవాళ నా వీక్లీ ఆఫ్, రేపటి నుంచి రంజాన్ రోజాలు. తీరిక దొరికింది, రాస్తున్నాను.

పొద్దున్నే పెడన వెళ్లాను. రత్నక్కకి పోర్ట్ ఫ్లష్ చెయ్యాలి. కుడి కాలర్ బోన్ కింద, చర్మం లోపల రూపాయి బిళ్లంత డబ్బా పెట్టారు. దాన్నుంచి సన్నటి ట్యూబ్ పెద్ద రక్తనాళంలోంచి గుండె దాకా వెళ్తుంది. కీమో అంతా దాంట్లోంచే ఎక్కించారు. క్యాన్సర్ ఎడమ రొమ్ముకి కాబట్టి పోర్ట్ కుడివైపు వచ్చింది. కీమో పోయిన నెల్లో అయిపోయింది. అయినా ఇంకో ఏడాది ఉంచుదామన్నారు విజయవాడ డాక్టరుగారు. నెలకోసారి మందునీళ్లతో కడక్కపోతే లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. ఆ పది నిమిషాల పనికి విజయవాడ దాకా ఎందుకు, నేను చేస్తానుగా అన్నాను. పద్నాలుగేళ్ల సర్వీసు. ఆ మాత్రం రాదా?

రత్నకుమారి నాకు సొంత అక్క కాదు. మా అబ్బా కలంకారీ అచ్చులు చెక్కేవాడు, ఆమె ఆ అచ్చులతో బట్ట మీద అద్దేది. అబ్బా పోయినప్పుడు నాకు పదహారేళ్లు. నర్సింగ్ పూర్తయ్యేదాకా నా మధ్యాహ్నం అన్నం వాళ్లింట్లోనే. అమ్మీ ఈ మాట ఎవరొచ్చినా చెబుతుంది, నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

వెళ్లేసరికి షెడ్డులో టేబుల్ దగ్గరే ఉంది. జుట్టు ఇంకా సరిగా రాలేదు, తలకి తువ్వాలు చుట్టుకుంది. ఎడం చేత్తో అచ్చు పెట్టి, కుడి పిడికిలితో దాని నెత్తిన గుద్దుతోంది. లైట్ వర్క్ చేసుకోమన్నారు కదా, ఇదేంటక్కా అన్నాను. నాకు ఇదే లైటు, వంటే హెవీ అంది.

సూది పెట్టాను. నీళ్లు వెళ్లవే! ప్లంజర్ బిగుసుకుపోయింది. వెనక్కి లాగితే రక్తమూ రాలేదు. ఏదీ, చెయ్యి పైకెత్తక్కా అన్నాను. ఎత్తింది. అంతే, సాఫీగా వెళ్లిపోయింది. ఫైల్లో రాశాను: ఫ్లష్డ్, ఓకే. ఎండు రొయ్యలు వేసిన గోంగూరతో అన్నం పెట్టింది. రేపటి నుంచి పగలు తినలేను కదా అని రెండుసార్లు కలుపుకున్నాను.

8 ఏప్రిల్, సోమవారం

రోజా. ఎండ మండిపోతోంది. పెడన ఆటోలో ఆరుగురు ఎక్కాల్సిన చోట పదకొండు మందిమి.

రత్నక్క నన్ను చూడగానే కుర్చీలో కూర్చుని, అడక్కముందే చెయ్యెత్తేసింది. పార్టీ మీటింగులో జై కొట్టడానికి వచ్చినట్టున్నానా అంది. నీళ్లు వెళ్లాయి. చెయ్యి దించితే ఆగాయి. ఎత్తితే మళ్లీ వెళ్లాయి. నేను బోరింగు పంపునయ్యానే సానియా అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఓకే అని రాశాను.

11 ఏప్రిల్

ఈద్. రత్నక్క కుటుంబం అంతా వచ్చారు. ఆమె షీర్ ఖుర్మా రెండు గిన్నెలు తాగి, మూడోది డబ్బాలో పోయించుకుంది. కూతురు వెన్నెలకి తినిపిస్తానంది గానీ వెన్నెల పక్కనే కూర్చుని తన వాటా తాను తింటూనే ఉంది.

6 మే, సోమవారం

కాలర్ బోన్ కింద పీకుతోందట. సాయంత్రానికి ఎక్కువట. పొద్దున ఆరు నుంచి గుద్దితే పీకదా మరి, కండరం పట్టి ఉంటుంది, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకో అన్నాను. భాస్కరరావు బావగారు పక్కనే ఉండి, చెప్పమ్మా చెప్పు, నా మాట వింటుందా, ఆ షెడ్డులోకి వెళ్లొద్దంటే వినదు అన్నారు. ఆయన మాట ఆయన ఏనాడైనా విన్నాడా అంది రత్నక్క.

ఫ్లష్, చెయ్యెత్తి. ఓకే.

3 జూన్

ఫ్లష్. ఓకే. రేపు ఓట్ల లెక్కింపు, బందరులో షాపులన్నీ తొందరగా మూసేశారు.

29 జూలై, సోమవారం

దుప్పట్ల ఆర్డర్ వచ్చింది. రెండు వందలు. నల్ల గీత మొత్తం రత్నక్కే వెయ్యాలి. ఎర్రవి, పచ్చవి మిగతావాళ్లు నింపుతారు. మొదటి గీత వంకర పోతే మిగతా రంగులన్నీ పక్కకి పోతాయి కాబట్టి ఆ పని ఇంకెవరికీ ఇవ్వదు.

ఒకటో తారీఖున చెయ్యెత్తితే వెళ్లింది, ఫైల్లో ఓకే రాశాను గానీ ఇక్కడ రాయలేదు. ఇవాళ చెయ్యెత్తినా సరిపోలేదు. మెడ కూడా ఎడమకి తిప్పమన్నాను. అప్పుడు వెళ్లింది, ఓకే అనే రాశాను. ఈ విషయం పూర్ణచంద్రరావుగారికి చెబితే మంచిదనిపించింది. మా నర్సింగ్ హోమ్ సర్జన్ ఆయన. ఆఫ్ అయినా సాయంత్రం అక్కడికి వెళ్లాను, ఆయన ఎవరి మీదో అరుస్తున్నారు. రేపు చెబుదామనుకున్నాను.

26 ఆగస్టు, సోమవారం



పొద్దున సూది పెట్టి నీళ్లు తొయ్యగానే రత్నక్క అబ్బా అని నా చెయ్యి పట్టేసుకుంది. మంటే మంట, కారం పోసినట్టుందే అంది. చూస్తుండగానే కాలర్ బోన్ కింద నిమ్మకాయంత ఉబ్బింది. నీళ్లు నాళంలోకి కాదు, కండలోకి వెళ్తున్నాయి. ఆపేశాను.

అప్పుడు చెప్పింది. పది రోజుల నుంచి గుండె ఉన్నట్టుండి దడదడమంటోందట, ఒక్కోసారి గుక్క తిప్పుకోలేకపోతోందట. వయసు కదా అనుకుందట. నలభై ఎనిమిదేళ్లకి వయసేంటక్కా అని అరిచాను. ఆమె మీద అరవాల్సింది కాదు.

ఆటోలో బందరు తీసుకొచ్చాను. ఎక్స్‌రే తియ్యడానికి టెక్నీషియన్ లేడు. రేపు పొద్దున రమ్మన్నారు. ఏమీ లేదులే, ఉబ్బు దిగిపోతుంది అని చెప్పి ఇంటికి పంపాను. ఎందుకు పంపానో నాకే తెలియదు.

27 ఆగస్టు, మధ్యాహ్నం

ట్యూబ్ తెగిపోయింది.

ఫిల్మ్ మీద చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. డబ్బా దగ్గర వేలెడు ముక్క. తర్వాత ఏమీ లేదు. మిగతాది గుండెలో చుట్ట చుట్టుకుని ఉంది. పూర్ణచంద్రరావుగారు ఫిల్మ్ కిటికీ వైపు పెట్టి, ఇదెప్పుడు తెగింది, అని ఎవరినీ అడగనట్టు అడిగారు. వెంటనే విజయవాడ పంపమన్నారు.

డ్యూటీ రూములో తలుపేసుకుని ఫోన్‌లో చదివాను. కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య ట్యూబ్ నలుగుతుందట. కత్తెరలో పడ్డట్టు. చెయ్యి కదిలినప్పుడల్లా కొంచెం కొంచెం తెగుతూ వచ్చి ఒకరోజు తునిగిపోతుందట. దానికి మొట్టమొదటి గుర్తు ఏమిటో కూడా రాశారు. చెయ్యి దించితే నీళ్లు వెళ్లవు. చెయ్యెత్తితేనే వెళ్తాయి.

ఆ లైను మూడుసార్లు చదివాను.

అది కనపడగానే ఫ్లష్ ఆపి, ఎక్స్‌రే తీసి, పోర్ట్ తీసెయ్యాలట. నేను మార్చి నుంచి నవ్వుతూ చెయ్యెత్తించాను.

28 ఆగస్టు

విజయవాడ. నేనూ వెళ్లాను, బావగారికి డాక్టర్ల భాష అర్థం కాదని.

డాక్టరుగారు ఫైల్ తిప్పుతూ, ఈవిడ హౌస్ వైఫ్ అని రాసుంది, ఈ చేత్తో ఏమైనా బరువు పని చేస్తారా అని అడిగారు. ఏం లేదండీ, ఇంట్లోనే అన్నారు బావగారు.  పోయినేడాది అడ్మిషన్ ఫారం నింపింది నేనే. వృత్తి అన్న చోట హౌస్ వైఫ్ అని రాసింది నేనే. పెడనలో అద్దకం వేసే ఆడవాళ్లందరికీ అలాగే రాస్తారు, ఆధార్ సెంటర్లో, బ్యాంకులో, అన్నిచోట్లా. షెడ్డు ఇంటి వెనకే కదా. వాళ్లూ అలాగే చెబుతారు. ముప్పై ఏళ్లుగా రోజుకి వెయ్యి గుద్దులు గుద్దే మనిషి హౌస్ వైఫ్.

నేను చెప్పాను. పిడికిలి ఎలా గుద్దుతుందో టేబుల్ మీద చేసి చూపించాను.  ఇది ముందే తెలిస్తే మెడలోంచి వేసేవాళ్లం, అక్కడైతే నలగదు అన్నారు డాక్టరుగారు.

బావగారికి వినపడింది ఒకటే ముక్క, ఆ గుద్దుళ్ల వల్లే తెగిందని. చూశావా అని రత్నక్క వైపు తిరిగారు. ఆమె తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను చూడటం ఇదే మొదలు.

తర్వాత డాక్టరుగారు నన్ను అడిగారు. ఇంతకు ముందు ఫ్లష్ చేసేటప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా, సిస్టర్?

లేదు సార్ అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది. ఆయన ఫైల్లో నా ఆరు ఓకేలు చూసి తలాడించారు.

1 సెప్టెంబర్, ఆదివారం

విజయవాడ మునిగిపోయింది. నిన్న ముక్క తీస్తామన్నారు. తియ్యాల్సిన గుండె డాక్టరుగారి వీధిలో నడుంలోతు నీళ్లట. రత్నక్క మూడో అంతస్తులో ఉంది, గుండెలో ముక్కతో. బావగారి ఫోన్ కలవడం లేదు. టీవీలో పడవలు. అమ్మీ తస్బీహ్ పూసలు తిప్పుతూనే ఉంది.

3 సెప్టెంబర్, పొద్దున

వెన్నెల మెసేజ్ పెట్టింది. పిన్నీ, నెట్లో చదివాను, ముందే ఫ్లష్‌లో తేడా తెలుస్తుందంట కదా, అమ్మకి ఎప్పుడైనా అలా అయిందా?

లేదమ్మా, అన్నీ నార్మలే అని టైప్ చేశాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. థాంక్స్ పిన్నీ అని పెట్టింది.

6 సెప్టెంబర్, శుక్రవారం

ఇవాళ చేశారు. తొడ దగ్గర్నుంచి వైరు పంపి, దాని చివర ఉచ్చుతో పట్టి లాగాలి. మామూలుగా అరగంట పని. ఈ లోపల ముక్క గుండె దాటి ఊపిరితిత్తి నాళంలోకి వెళ్లిపోయింది, కొస నాళం గోడకి అతుక్కుంది. రెండు గంటలు చూశారు. గట్టిగా లాగితే నాళం చిరుగుతుంది. వదిలేశారు.

డబ్బానీ దాని దగ్గరి ముక్కనీ తీసేశారు. పొడుగు ముక్క లోపలే. గడ్డకట్టకుండా రోజూ బిళ్ల వేసుకోవాలి, ఇంత కాలమని ఇప్పుడే చెప్పలేమన్నారు. నెలకి రెండుసార్లు రక్తం టెస్ట్. అలా ఉంచుకుని ఏళ్లకేళ్లు బతికినవాళ్లున్నారట. కుట్లు మానాక చెయ్యి మామూలుగా వాడుకోవచ్చు, అద్దకమూ వేసుకోవచ్చు, నలగడానికి ఇక అక్కడ ఏమీ లేదు అని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. బిళ్ల మానితే మాత్రం ఆ ముక్క చుట్టూ గడ్డకట్టి ప్రాణం మీదకొస్తుంది.

ఎంత పొడుగు అని రత్నక్క అడిగింది. ఇంత అని డాక్టరుగారు చూపుడువేలూ బొటనవేలూ చాపి చూపించారు. ఆమె తన వేళ్లు కూడా అలాగే చాపి చూసుకుంది.

14 సెప్టెంబర్

పెడన. రత్నక్క షెడ్డులోకి అడుగు పెట్టడం లేదు. ఆమె టేబుల్ దగ్గర ఐశ్వర్య అని కొత్తమ్మాయి. అచ్చులన్నీ పాత చీరలో మూటగట్టి అటక మీదకి ఎక్కించేశారట.

నేను వెళ్లాక ఇద్దరు వీధివాళ్లు పలకరించడానికి వచ్చారు. బావగారు వాళ్లకి మొదటి నుంచీ చెప్పారు. వద్దన్నాను, వినలేదు, తన పిడికిలితో తనే తెంపుకుంది అని. రత్నక్క కాదనలేదు. అవునమ్మా, నా చేతులారా చేసుకున్నాను, ఈయన్ని విజయవాడ వరదలో నిలబెట్టాను అంది. ఏ మాటకీ తగ్గని మనిషి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా కాలర్ బోన్ మీదకి వెళ్లింది. ఎవరూ చూడలేదు. టీ ఇస్తే తాగాను. బిస్కెట్ కూడా తిన్నాను.

16 సెప్టెంబర్, సోమవారం

మిలాద్ ఊరేగింపు. కోనేరు సెంటర్ నిండా జనం, నారా అని నినాదం మొదలవగానే అన్ని కుడి చేతులూ పైకి. నేను మెడికల్ షాపు మెట్టు మీద నిలబడి ఉన్నాను. నా బొటనవేలు దానంతటది నొక్కుతోంది, సిరంజి పట్టుకున్నట్టు. బురఖాలో దాచుకున్నాను.

17 సెప్టెంబర్

బస్సు ఆపడానికి చెయ్యెత్తిన ముసలామె. బొటనవేలు.

23 సెప్టెంబర్

రత్నక్క రక్తం టెస్ట్ మా ల్యాబ్‌కే వచ్చింది. బావగారు పట్టుకొచ్చారట, నేను లేనప్పుడు. ల్యాబ్ టెక్నీషియన్ సాయిదుర్గ రిపోర్టు చూపించింది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్ రెండు దాటాలి. 1.1 ఉంది. బిళ్లలు అసలు వేసుకుంటున్నారా అండీ ఈవిడ అంది.

ఫోన్ చేశాను. వేసుకుంటున్నానులే అంది రత్నక్క. పక్క నుంచి వెన్నెల, అబద్ధం పిన్నీ, స్ట్రిప్ అలాగే ఉంది అని అరిచింది. నా తప్పుకి నేను అనుభవించాలిగా, బిళ్లలెందుకు అంది రత్నక్క. ఫోన్ పెట్టేసింది.

2 అక్టోబర్, బుధవారం

సెలవు. దివిసీమ వెళ్లాను. నాగాయలంకలో పోతయ్యగారని ఎండ్రకాయలు పట్టే ఆయన, ఆయనకీ పోర్ట్ ఉంది, నెలకోసారి నేనే ఫ్లష్ చేస్తాను. ఆయనది మెడలోంచి వేసింది. నలగదని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. అవనిగడ్డలో బస్సు మారి, ఎండలో గంట నిలబడి.

చెయ్యి దించండి మావయ్యా అన్నాను. నీళ్లు వెళ్లాయి. ఎత్తండి. వెళ్లాయి. పక్కకి పెట్టండి. మెడ తిప్పండి. మళ్లీ దించండి. ఏందమ్మాయ్, నాతో డ్రిల్లు చేయిస్తన్నావ్, పోలీసు ఉద్యోగంలో చేరుస్తావా ఏంటి అని నవ్వారు. ఆ నవ్వు వినగానే ఏడుపొచ్చేసింది. పాపం, ఆయన కంగారుపడిపోయి, నాకేమైనా అయిందా తల్లీ, దాచకుండా చెప్పు అన్నారు. మీకేం కాలేదు అన్నాను. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆయన భార్య ఎక్స్‌రేకి తీసుకెళ్తానంటోంది.

ఒకరి దగ్గర నోరు మూసుకుని, ఇంకొకరిని బెదరగొట్టి వచ్చాను. నా బొంద సర్వీసు.

9 అక్టోబర్

ఐ.ఎన్.ఆర్ 1.0.

11 అక్టోబర్, శుక్రవారం

నమాజుకి నిలబడ్డాను. అల్లాహు అక్బర్ అంటూ చేతులు భుజాల దాకా ఎత్తాలి. ఎత్తలేకపోయాను. ఎత్తితే ఏదో లోపలికి వెళ్లిపోతుందనిపించింది. చేతులు కిందే ఉంచి నిలబడ్డాను, అలా ఎంతసేపో.

అమ్మీ వెనక మంచం మీద కూర్చుని చూస్తోందని తెలియదు. అల్లాతో పోట్లాడావా ఏంటి బేటీ అంది. అప్పుడు చెప్పేశాను. మార్చి నుంచి మొత్తం. డాక్టరుగారు అడిగితే లేదన్నది, వెన్నెలకి మెసేజ్ పెట్టింది, బిస్కెట్ తిన్నది కూడా.

అమ్మీ తిట్టలేదు. తిడితే బాగుండేది. అల్లా తన హక్కు ఏదైనా మాఫీ చేస్తాడు, మనిషి హక్కు మాత్రం ఆ మనిషే మాఫీ చెయ్యాలి, నువ్వు ఇక్కడ నిలబడి ఏం లాభం, పెడన వెళ్లి నిలబడు అంది. తర్వాత, ఆ ఇంటి అన్నం... అని మొదలుపెట్టి ఆపేసింది.

14 అక్టోబర్, సోమవారం

పెడన ఆటో ఎక్కాను. దారిలోనే దిగిపోయాను. కాలవ గట్టు మీద అరగంట కూర్చుని వెనక్కి వచ్చాను.

21 అక్టోబర్, సోమవారం

ఇంటి దాకా వెళ్లాను. చుట్టాలున్నారు. చుట్టాలున్నారని సంతోషించాను.

25 అక్టోబర్

ఐ.ఎన్.ఆర్ 1.1. రిపోర్టు మీద సాయిదుర్గ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. వెన్నెల ఫోన్ చేసింది. అమ్మ మెట్లెక్కితే ఆయాసపడుతోంది పిన్నీ, బిళ్ల వేసుకోమంటే మొహం తిప్పుకుంటోంది, నువ్వు చెబితే వింటుంది, ఒక్కసారి రావా అంది.

నేను చెబితే వింటుందట.

28 అక్టోబర్, సోమవారం, మధ్యాహ్నం మూడు

చెప్పేశాను. వరుసగా రాస్తాను, రేపటికి నాకు అనుకూలంగా మార్చుకోకముందే.

పదిన్నరకి వెళ్లాను. రత్నక్క అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. మొహం పీక్కుపోయింది. కూర్చో అంది. కూర్చోలేదు. అక్కా, నీ పిడికిలి వల్ల కాదు అన్నాను. అదే మాట మళ్లీ అన్నాను. మార్చిలోనే ట్యూబ్ నలుగుతోంది, నా సిరంజికి తెలిసింది, చెయ్యెత్తితేనే వెళ్లడం దానికే గుర్తు, అప్పుడే ఎక్స్‌రే తీయిస్తే పోర్ట్ తీసేసి ఊరుకునేవాళ్లు, ముక్క గుండెలోకి పోయేది కాదు. నువ్వు ఏం పని చేస్తావో ఫారంలో రాయనిది కూడా నేనే. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పాను.

ఆమె వేళ్లు ఆగలేదు. రెండు రాళ్లు ఏరి పారేసింది. తర్వాత అడిగింది. చెయ్యెత్తమన్నప్పుడు నలుగుతోందని నీకు తెలుసా?

తెలియదక్కా. నీళ్లు వెళ్తే చాలనుకున్నాను.

ఎప్పుడు తెలిసింది?

ఆగస్టు ఇరవై ఏడు.

వేళ్ల మీద లెక్కపెట్టింది. సెప్టెంబరు, అక్టోబరు. చేట పక్కన పెట్టింది. తెలియక చేసింది తెలియక చేశావు, అది పోనీ, తెలిశాక రెండు నెలలు నా ఇంటికొచ్చి టీ తాగావే, నన్ను నేను తిట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని విన్నావే అంది. గొంతు పెంచలేదు. నేను కాళ్లు పట్టుకోబోయాను. కాళ్లు వెనక్కి తీసుకుంది.

లే, షెడ్డులోకి నడువు అంది.

అక్కడ ఆరుగురు పని చేస్తున్నారు. పని ఆపండి అంది. ఆగిపోయింది. కరక్కాయ, బెల్లం పులిసిన వాసన. బావగారు లెక్కల పుస్తకం పట్టుకుని మూల స్టూలు మీద ఉన్నారు. చెప్పు, నాకు చెప్పినట్టే చెప్పు అంది. చెప్పాను. మొదటిసారి కంటే కష్టమైంది. మధ్యలో నీళ్లు అడిగాను, ఎవరూ కదల్లేదు, ఐశ్వర్య మాత్రం తన బాటిల్ ఇచ్చింది.

బావగారు లేచి మీదమీదకి వచ్చారు. మా అన్నం తిని మా ఇంటికే, అని ఇంకా ఏదో అనబోయారు. మీరు ఊరుకోండి, మీ సంగతి తర్వాత చూస్తాను, ఈ వీధిలో ఎంతమందికి చెప్పారో అంతమందికీ ఇల్లిల్లూ తిరిగి మళ్లీ చెప్పి రండి అంది రత్నక్క. ఆయన వెనక్కి తగ్గారు.

తర్వాత ఇంట్లోకి వెళ్లింది. స్టూలు వేసుకుని అటక మీది మూట దించుతోంది. బరువుకి తూలింది. నేను పట్టుకోబోయాను. ముట్టుకోకు అంది. మూట తనే దించి, ముడి విప్పి, అచ్చులు ఒక్కోటీ కొంగుతో తుడిచింది. వెన్నెలని పిలిచి, ఆ బిళ్ల ఇటు తే అంది. వెన్నెల గ్లాసుతో వచ్చింది. నా పక్క నుంచే వెళ్లింది, నా మొహం చూడలేదు.

మాఫీ అడగాలని వెళ్లాను. ఆ మాట అడగనేలేదు. అడిగే చోటు లేకుండా పోయింది.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆకలేసింది. ఏడుస్తాననుకున్నాను గానీ ఆకలే వేసింది, చాలా.

29 అక్టోబర్

విజయవాడ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను.  తేదీలు చెప్పండి, రాసుకుంటాను అన్నారు. ఆరు తేదీలూ చెప్పాను.

పూర్ణచంద్రరావుగారికీ చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆ జూలైలో నా గదికి వచ్చి ఉంటే రెండు నిమిషాల పని కదమ్మా అన్నారు. మీరు అరుస్తున్నారు సార్ అనబోయి మింగేశాను. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇక నేను పోర్టులు ముట్టుకోకూడదు. నర్సింగ్ హోమ్‌లోనూ, బయటా. పోతయ్యగారి దగ్గరికి వేరే సిస్టర్ వెళ్తుంది.

2 నవంబర్

ఇవాళ నమాజులో చేతులు ఎత్తాను. బొటనవేలు ఇంకా నొక్కుతోంది.

5 నవంబర్

వెన్నెలకి మెసేజ్ పెట్టాను. ఒక టిక్కు. ఒక టిక్కే.

12 నవంబర్, మంగళవారం

రత్నక్క వచ్చింది. ఒక్కతే, బస్సులో. గోళ్ల నిండా నల్ల రంగు. నన్ను దాటి వెళ్లి సాయిదుర్గకి చెయ్యి చాపింది. ఐ.ఎన్.ఆర్ 2.3.

తిరిగి వస్తూ నా టేబుల్ ముందు ఆగింది. నా మెడలో స్టెతస్కోప్ వైపు చూపించింది. తీసి ఇచ్చాను. బెంచీ మీద కూర్చుని, చెవులకి పెట్టుకుని, రెండో కొస తన గుండె మీద తనే ఆనించుకుని వింది. ఓపీలో జనం వస్తున్నారు, పోతున్నారు. కళ్లు మూసుకుని వింటూనే ఉంది.

ఒక్కసారి నన్ను కూడా విననివ్వక్కా అన్నాను.

నీకెందుకు, అది నాది అంది.